అడుగువాడు లేని అప్పు

తల్లి పోయినప్పుడు బిడ్డ ఏడ్చును. యజమాని పోయినప్పుడు నమ్మకమైన గుమాస్తా ఏడ్చును. ఇరుగుపొరుగున ఒకరు పోయినప్పుడు వీధియంతయు ఒక పూట చిన్నబోవును. వీనికి కారణము అడుగువారు లేరు. కలిసి తిన్నారు, కలిసి బ్రతికినారు. దుఃఖము కలుగుట సహజము. కాని ఎన్నడును కంట చూడనివానికొరకు, మన పేరైనను ఎరుగనివానికొరకు, వేలమంది వీధులలో నిలిచి కన్నీరు కార్చినచో దానిని ఏమనవలెను? అది నిజమైన దుఃఖమా, లేక గుంపులో పుట్టి గుంపుతోనే పోవు ఆవేశమా? నిజమైనదే అయినచో, దానివలన దుఃఖించువానికి కలుగు కర్తవ్యమేమి?

ఇది పండితుల చర్చకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. నేడు మన యిండ్లలో కొట్టు కట్టివచ్చిన తండ్రి ఒక గదిలో లెక్కలు చూచుకొనుచుండగా, ప్రక్కగదిలో కొడుకో కూతురో సెల్‌ఫోనులో ఏ దూరదేశపు పాటయో వినుచుందురు. ఆ పాడువాడు ఒకనాడు హఠాత్తుగా మరణించును. పిల్లలు కంచము ముందు కూర్చుండియు ముద్ద ఎత్తరు. “ఎవడో ఎక్కడో పోయినచో నీకేమి?” అని పెద్దలందురు. ఆ మాటలో కొంత నిజము కలదు, కొంత అన్యాయమును కలదు. ఆ రెంటిని వేరుచేసి చూచుటకు ఒక ఉదాహరణము తీసికొందము. వర్తకులమైన మనకు అది సులభముగా బోధపడును. ఏలయన, చనిపోయినవాడు పాటగాడే కాక అంగడి పెట్టినవాడు, తన అంగడి ముందే ప్రాణము విడిచినవాడు.

ముందుగా ఆ గానపద్ధతిని గూర్చి రెండు మాటలు. హిప్ హాప్ అనునది 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ ప్రాంతమున, సెడ్జ్‌విక్ వీధిలో 1520 నెంబరు భవనమునందు జరిగిన ఒక చిన్న వేడుకలో పుట్టినదని చెప్పుదురు. కూల్ హెర్క్ అను యువకుడు గ్రామఫోను రికార్డులలో తాళము మాత్రమే మ్రోగు భాగమును మరల మరల వినిపించెను; చేరినవారు దానికి ఆడిరి. పిమ్మట ఆ తాళముమీద ప్రాసలు గూర్చి గుక్కతిప్పక మాటలు చెప్పుట పెరిగినది. దానిని రాప్ అందురు. ఇందు రాగము స్వల్పము, మాటయే ప్రధానము. పేదరికము, పోలీసుల దెబ్బలు, జైలు, పేటలలోని కక్షలు, చేతికి డబ్బు వచ్చినప్పటి అతిశయము - ఇవి దాని విషయములు. తుపాకిని పొగడు పాటలును, స్త్రీలను తూలనాడు పాటలును ఇందు లేకపోలేదు. కనుక పెద్దలు ముఖము చిట్లించుట నిష్కారణము కాదు.

ఇక మనిషి. 1985 ఆగస్టు 15న లాస్ ఏంజెలెస్ నగరమున ఎర్మియాస్ అస్గెడోమ్ జన్మించెను. తండ్రి ఆఫ్రికాలోని ఎరిత్రియానుండి వచ్చినవాడు. తల్లి అమెరికా దేశపు నల్లజాతి స్త్రీ. నగరపు దక్షిణభాగమున క్రెన్షా అను పేటలో పెరిగి, పాటకు నిప్సీ హసిల్ అను పేరు పెట్టుకొనెను. పడుచుప్రాయమున ఆ పేటలోని ముఠాలో చేరెను. ఆ సంగతి ఎన్నడును దాచలేదు.

అతని తొలి వ్యాపారము స్లాసన్, క్రెన్షా వీధులు కలియు కూడలిలో కారు వెనుక పెట్టెనుండి తన పాటల సి.డి.లు తీసి అమ్ముట. 2013లో “క్రెన్షా” అను పాటల సంపుటమును ఇంటర్నెట్టులో అందరికి ఉచితముగా ఇచ్చి, అదే సంపుటమును 1,000 ప్రతులు మాత్రము చేయించి ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. ఊరక దొరకు సరుకును నూరు డాలర్లు పోసి ఎవడు కొనునని మనము అడుగుదుము. ఒక్కదినములోనే అన్నియు చెల్లిపోయినవి. అందు 100 ప్రతులు జే-జీ అను సుప్రసిద్ధ గాయకుడే తీసికొనెను. కొన్నవారు పాట వినుటకు కొనలేదు, పాట వారియొద్ద ఉన్నదే. ఆ మనిషి నిలువవలెనని కొనిరి. దీనిని మన భాషలో పరపతి అందుము.

2017లో ఆ కూడలిలోనే “మారథాన్” అను బట్టల అంగడిని తన అన్నతోను మిత్రులతోను కలిసి తెరిచెను. జైలునుండి విడుదలయై వచ్చి ఎక్కడను పని దొరకని పేటవారికి తన వ్యాపారములలో పని ఇచ్చెను. 2018లో చిన్న వర్తకులు కూర్చుండి పనిచేసికొనుటకును, పేటలోని పిల్లలు విజ్ఞానశాస్త్రము నేర్చుకొనుటకును ఒక స్థలము ఏర్పాటగుటకు తోడ్పడెను. ఆ సంవత్సరమే వచ్చిన “విక్టరీ ల్యాప్” అను సంపుటము గ్రామీ బహుమతి పరిశీలనకు ఎన్నికైనది. 2019 ఆరంభమున భాగస్వామితో కూడి తన అంగడి ఉన్న ఆ కట్టడముల వరుసనే కొనెను. ఒకప్పుడు నిలువనీయక తరిమిన చోటనే యజమాని అయ్యెను. డబ్బు వచ్చినవెంటనే పేట విడిచిపోవుట లోకమర్యాద, అతడు పోలేదు.

2019 మార్చి 31, ఆదివారము మధ్యాహ్నము. కావలివారెవరును వెంట లేకుండ అంగడికి వచ్చి వచ్చినవారితో మాటలాడుచుండగా, ఎరిగినవాడే ఒకడు తుపాకితో కాల్చెను. వయస్సు 33 ఏండ్లు. ఇద్దరు బిడ్డల తండ్రి. పేటలో ముఠాల హింసను తగ్గించు విషయమై ఆ మరునాడే నగర పోలీసు అధికారులతో సమావేశము కావలసియుండెను.

ఆ మరునాటి రాత్రి అంగడి ముందు జనము కొవ్వొత్తులతో చేరిరి. గుంపులో ఎవరికో తుపాకి ప్రేలినట్లు తోచి త్రొక్కిసలాట జరిగెను. సుమారు 20 మంది గాయపడిరి. ఏప్రిల్ 11న, అప్పుడు స్టేపుల్స్ సెంటర్ అని పిలువబడిన క్రీడాభవనములో సంస్మరణ సభ జరిగెను. సుమారు 21,000 మంది వచ్చిరి. మాజీ అధ్యక్షుడు ఒబామా పంపిన లేఖను చదివిరి. స్టీవీ వండర్ పాడెను. పిమ్మట శవపేటికను 25 మైళ్ళ దూరము ఊరేగించిరి. దారి పొడవున జనము నిలిచిరి. వారిలో అతనిని ముఖాముఖి ఎరిగినవారు వందకు ఒక్కరైనను ఉందురా?

ఇట్టి దుఃఖముపై మూడు ఆక్షేపణలు రావచ్చును. మూడును విచారింపదగినవే.

మొదటిది: చూడనివాని కొరకు దుఃఖమేమి అని. దీనికి సమాధానము మన బాటల ప్రక్కనే కలదు. చలివేంద్రము పెట్టించిన పుణ్యాత్ముని ముఖము నీరు త్రాగిన బాటసారి చూడడు. అతనికి ఈ బాటసారి పేరు తెలియదు. కాని దాహము తీరుట మాత్రము నిజము. పాటయు అట్టిదే. పైగా ఈ గానపద్ధతిలో పాడువాడు “నేను” అని తన కథ తానే చెప్పుకొనును. వినువాడు ఒంటరిగా, రాత్రివేళ, కష్టములో ఉన్నప్పుడు వినును. ఒకమారు కాదు, వందలమారులు. సొంత మేనమామ కంఠమును కూడ అన్నిమారులు విని యుండడు. పరిచయము ఒకవైపునుండియే, నిజమే. కాని పుచ్చుకొనినది ఉన్నప్పుడు, ఇచ్చినవానికి తెలియలేదని ఆ పద్దు చెరిగిపోదు. కనుక ఈ దుఃఖమును బూటకమనుట తగదు. అది ఋణము జ్ఞాపకమువచ్చిన దుఃఖము.

రెండవది: ముఠాలో తిరిగినవాని కొరకు దుఃఖింపవచ్చునా అని. “చచ్చినవాని కండ్లు చారెడు” అని మన సామెత. బ్రతికియున్నప్పుడు మెల్లకన్ను అని ఎంచినవారే పోయినపిమ్మట విశాలాక్షుడందురు. నిప్సీ విషయమునను ఇది జరిగినది. అతనిని కొందరు దోషమెరుగని మహాత్మునిగా గోడలపై చిత్రించిరి. మరికొందరు, కత్తి పట్టినవాడు కత్తికే పోయెనని ఒక్క మాటతో త్రోసివేసిరి. ఇద్దరును లెక్కను ఒకే ప్రక్క చదివినవారు. జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా ఎంత అబద్ధమో, ఖర్చు మాత్రమే వ్రాసినదియు అంతే. నిజమైన సంతాపమునకు మృతుని దోషములు దాచవలసిన పనిలేదు. ఆ పేటవారు ఏడ్చినది దోషములేని మనిషి కొరకు కాదు. తమవంటి దోషములుండియు ఒక్కొక్క అడుగుగా ప్రక్కకు జరిగి, అదే కూడలిలో అంగడి తెరిచి, పదిమందికి పని చూపిన మనిషి కొరకు ఏడ్చిరి. అట్టి మార్పు తమకును సాధ్యమేనని అతనిని చూచి నమ్మిరి. నమ్మకము కూలినప్పటి దుఃఖము మనిషి పోయినప్పటి దుఃఖముకంటె తక్కువది కాదు.

మూడవ ఆక్షేపణ మనబోటి వర్తకులకే ముందుగా తోచును: ఈ దుఃఖమంతయు బేరమైపోవును గదా అని. అది వట్టిమాట కాదు. నిప్సీ మరణించిన రెండు వారములలో “విక్టరీ ల్యాప్” సంపుటము అమెరికా అమ్మకముల పట్టికలో 2వ స్థానమునకు ఎగబ్రాకెను. అతని బొమ్మ అచ్చువేసిన చొక్కాలు కాలిబాటలపై అమ్ముడుపోయినవి. ఇది క్రొత్త కాదు. నొటోరియస్ బి.ఐ.జి. అను గాయకుడు 1997 మార్చి 9న లాస్ ఏంజెలెస్‌లో కాల్చబడి 24వ ఏట మరణింపగా, అతని తరువాతి సంపుటము 16 దినములకే అంగళ్ళకు వచ్చెను. టూపాక్ షకూర్ అను గాయకుడు 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో కాల్పులకు గురియై 25వ ఏట పోయెను. అతడు చావలేదని, ఎక్కడనో దాగియున్నాడని అభిమానులు ఏండ్ల తరబడి చెప్పుకొనిరి. 2012లో కోచెల్లా అను ఉత్సవములో యంత్రసహాయమున అతని రూపమును వేదికపై నిలిపి పాడించిరి. పోయినవానిని పోనీయక మరల పనికి పెట్టుట ప్రేమయా, మమకారమా, వ్యాపారమా? మూడును కలిసిన దానికి వేరుగా పేరు లేదు.

అమ్ముట తప్పని నేననను. న్యాయముగా అమ్మి, మృతుని బిడ్డలకు చేరవలసినది చేర్చినచో అందు దోషము లేదు. తప్పు కొనువాని మనసులో కలదు. చొక్కా కొన్నాను, పాట మరల విన్నాను, కొవ్వొత్తి వెలిగించినాను, ఇక నా లెక్క తీరినదని అతడనుకొనును. అతడు తీర్చినది చొక్కా వెలను మాత్రమే. పాతబాకీ అట్లే యున్నది.

ఇక్కడనే అసలు విషయము కలదు. వర్తకుని నిజాయితీ ఎక్కడ తెలియును? పత్రమున్న అప్పు తీర్చుటలో విశేషము లేదు, కోర్టు భయమైన తీర్పించును. అప్పు ఇచ్చినవాడు హఠాత్తుగా పోయినాడు; పత్రము లేదు, సాక్షి లేడు, వారసులకు సంగతి తెలియదు. అప్పుడు తానే వెదకికొని పోయి తీర్చువాడు గొప్పవాడు. చూడని మనిషి కొరకు కలుగు దుఃఖము ఇట్టి అప్పువంటిది. పుచ్చుకొనినది ధైర్యము, ఇచ్చినవాడు పోయినాడు, అడుగువాడు లేడు. తీర్చుట, ఎగవేయుట మన చేతిలోనే యున్నవి. ఎంత బిగ్గరగా ఏడ్చినామన్నది ఈ లెక్కలోనికి రాదు. ఏడ్చినపిమ్మట ఏమి చేసినామన్నదే వచ్చును.

ఈ కొలతతో ఆ పదునొకండు దినములను చూడుడు. ఏప్రిల్ 5న, ఏండ్ల తరబడి ఒకరి పేటలో ఒకరు కాలుపెట్టని పగవారైన ముఠాలవారు వందలకొలది కలిసి ఆ అంగడి వరకు నడిచిరి. కాల్పుల విరమణకై వారిలో పెద్దలు మాటలాడుకొనిరి. చిరకాలపు పగ అంతటితో నశించినదని చెప్పుట అతిశయోక్తి యగును. కాని మృతుడు మరునాడు చేయదలచిన పనిని అతని కొరకు ఏడ్చినవారు తామే కొంత చేసిరి. అది వాయిదాకు కట్టిన మొదటి సొమ్ము. అట్లే అతడు పాటలలోను సంభాషణలలోను పేర్కొన్న పుస్తకముల పట్టిక తయారుచేసి, వానిని కలిసి చదువుటకు కొన్ని నగరములలో యువకులు పఠనమండలులు పెట్టుకొనిరి. పాట వినుటకు చెవి చాలును. పుస్తకము చదువుటకు ఓపిక కావలెను. ఓపికతో చేసిన పని దేనినైనను అప్పు తీర్చుటలో జమకట్టవచ్చును.

రెండవ ప్రక్కయు చూడవలెను. ఏప్రిల్ 11న, శవపేటిక ఊరేగిన దారి చేరువనే, ఆ దినముననే, కారులో వచ్చినవారెవరో కాల్పులు జరిపిరి. నలుగురికి గుండ్లు తగిలెను. వారిలో ఒకడు మరణించెను. ఒక తుపాకి చావునకు నగరమంతయు కన్నీరు కార్చుచుండగనే మరొక తుపాకి చావు జరిగెను. ఆ రెండవ మనిషికి సభ లేదు, గోడలపై చిత్రము లేదు. అతనికిని ఒక తల్లి ఉండియే యుండును. మొదటివాని కొరకు ఏడ్చిన కన్నులలో ఎన్ని ఇతని కొరకు తడిసినవి? నా దృష్టిలో ఈ కథలో అందరికంటె గట్టి ప్రశ్న అడుగుచున్నవాడు ఆ పేరు తెలియని మనిషి. ప్రసిద్ధుని మరణము మన హృదయమును మెత్తపరచినచో, ఆ మెత్తదనము ప్రక్కయింటివానికి ఉపయోగపడవలెను. లేనిచో మనము ఏడ్చినది చావును చూచి కాదు, ప్రసిద్ధిని చూచి యగును.

మరియొక సంగతి గమనింపదగినది. ఆ సభలో అందరికంటె శాంతముగా మాటలాడినవారిలో మృతుని తల్లి ఒకతె. కడుపుకోత ఆమెది, గుండెలు బాదుకొనినవారు ఇతరులు. ఆమెకు దుఃఖము తక్కువయని ఎవరనగలరు? దగ్గరివారు ఏమి పోయినదో లెక్కించుటతోపాటు ఏమి మిగిలినదో, దానిని ఎవరు మోయవలెనో కూడ చూతురు. దూరపువారికి ఆ బరువు లేదు. కనుకనే వారి దుఃఖమునకు ధ్వని ఎక్కువ. బరువులో కొంత భాగము తీసికొనినచో దూరపువారి ధ్వనియు తానే తగ్గును.

కొందరి దుఃఖము కోపముగా మారి హంతకునిపై నిలిచెను. న్యాయస్థానము తన పని చేసినది: 2022 జూలైలో నేరము స్థిరపడెను, 2023 ఫిబ్రవరిలో 60 ఏండ్లనుండి యావజ్జీవము వరకు శిక్ష విధింపబడెను. అది రాజ్యము తీర్చిన లెక్క. శిక్ష పడినదని విని సంతోషించుట మన అప్పులో ఒక్క పైసయు తీర్చదు. అంతకుముందు 2019లోనే ఆ కూడలికి అతని పేరు పెట్టుటకు నగరసభ నిర్ణయించెను. 2022 ఆగస్టు 15న హాలీవుడ్ కాలిబాటపై అతని పేరిట నక్షత్రము పొదిగిరి. పేరు రాతిలో నిలుచుట మంచిదే. కాని రాయి ఎవరికిని పని చూపదు. అది మనుష్యులే చేయవలెను.

ఇదంతయు సముద్రముల ఆవలి మాట అని పాఠకులు అనుకొనవలదు. 2022 మే 29న పంజాబులోని మాన్సా జిల్లాలో, ఈ పద్ధతిలోనే పాడి దేశదేశముల పేరుపొందిన సిద్ధూ మూసేవాలా 28వ ఏట తుపాకులకు బలియయ్యెను. అతని పాటలలోను తుపాకుల ప్రశంస కలదని ఆక్షేపణ ఉండెను. అంత్యక్రియల దినమున ఆ పల్లెలో కిక్కిరిసిన జనము ముందు అతని తండ్రి తన తలపాగా తీసి పట్టుకొని నిలిచెను. అక్కడి ప్రశ్నయు ఇదే: ఈ జనము ఇండ్లకు మరలి తుపాకి బొమ్మల చొక్కాలు తొడిగికొందురా, లేక తమ ఊరిలో ఒక్క కక్షనైనను చల్లార్చుదురా?

కనుక ఇంటిలోని పిన్నలు చూడని గాయకుని కొరకు కంటనీరు పెట్టినప్పుడు పెద్దలు నవ్వరాదు. నవ్వినచో ఆ దుఃఖము లోపలికి పోయి, మనతో చెప్పుకొనవలసిన మాటలు గుంపుతో చెప్పుకొందురు. ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా రెండు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది: “అతనినుండి నీవు ఏమి పుచ్చుకొంటివి?” ఏమియు చెప్పలేకపోయినచో అది గుంపు ఆవేశము, నాలుగు దినములలో తానే పోవును. “కష్టకాలమున ధైర్యము”, “సొంతకాళ్ళమీద నిలువవలెనను పట్టుదల” అని ఏదైనను చెప్పినచో రెండవ ప్రశ్న అడుగవలెను: “దానిని ఎవరికి తిరిగి ఇత్తువు?”

తీసికొన్నవానికే తిరిగి ఇచ్చుటకు ఈ అప్పులో వీలు లేదు, అతడు పోయినాడు. ఇంకొకనికి ఇవ్వవలెను. జైలునుండి వచ్చి ఎవరును పని ఇయ్యనివానికి మన కొట్టులో ఒక మూల చోటిచ్చినను, ఫీజు కట్టలేని పిల్లవానికి పుస్తకములు కొనియిచ్చినను, ఏండ్లనుండి మాటలాడని జ్ఞాతి గడప ముందుగా మనమే త్రొక్కినను ఆ అప్పు కొంత తీరును. పద్దు ఎవరును తనిఖీ చేయరు. రసీదు ఎవరును ఇయ్యరు. అయినను సాయంకాలము గల్లాపెట్టె మూయునప్పుడు లెక్క సరిపోయినదో లేదో తెలిసికొను మనిషి ఒకడు మనలోనే యుండును గదా!